యాసిడ్ చుక్క

సిమెంటు ఫ్యాక్టరీ తరఫున చేలు చూడటానికి వచ్చిన ఆనంద్ బాబు మణెమ్మ చేలో రాళ్ల మీద యాసిడ్ చుక్కలు వేసి చూశాడు. పది రాళ్లు చూశాడు. ఒక్కదానికీ నురగ రాలేదు.

"నల్లరాయి పెద్దమ్మా. భూమి లోపల కరిగింది చల్లారి గట్టిపడితే ఇదైతది. మాకు పనికిరాదు."

"అయితే చేను తీసుకోరా?" అంది మణెమ్మ.

"సున్నపురాయి లేంది తీసుకుని ఏం చేస్తాం?"

పోతూ పోతూ గట్టు పక్కన ఆమె భర్త సమాధి దగ్గర ఆగాడు. తలవైపు నిలబెట్టిన తెల్లరాయి మీద ఒక చుక్క వేశాడు. బుసబుసా నురగొచ్చింది.

"ఇది సున్నపురాయి, సముద్రం అడుగున పొరలు పేరుకుని అయిన రాయి. ఎక్కడిది?"

"దాచేపల్లి నుంచి తెచ్చాం."

"ఏందీ, అంత దూరం నుంచా?"

"ఈడ దొరికితే ఆడికెందుకు పోతాం బాబూ?"

అతను నవ్వి, కాగితం మీద రాసుకుని జీపెక్కాడు.

మణెమ్మ నీళ్లు పోసి రాయి కడిగింది. చేలో నల్లరాళ్లు పోయిన వారం కొండవీడు వైపు నుంచి ట్రాక్టర్లో తోలించినవి. తెల్లరాళ్లన్నీ ఏరి పాడుబావిలో పోయించింది. ఇదొక్కటే తీయలేదు. ఆయనకు గొయ్యి తవ్వినప్పుడు అందులోంచి వచ్చిన రాయి ఇది.