ముందు ఎక్కేవాడు

వంతెన కొట్టుకుపోయిన వరదకి అది మూడో ఏడు. పక్కపిల్ల చెవి కొరికిందని, నిచ్చెనల తాత మనవరాలి పేరు బడిలోంచి కొట్టేస్తామన్నారు. ఎనిమిదేళ్ళది. ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలుస్తారు. ఆ ఇంట్లో సొట్ట లేని పళ్ళెం లేదు. గోడకి సుత్తి తగిలిన గుంట ఉంది. అప్పట్నించీ కోడలు సుత్తిని పాత బట్టల పెట్టెలో దాచేది.

తాత చేసిన కొయ్య నిచ్చెన ఏదైనా ముందు ఆయన ఎక్కి, పైమెట్టు మీద నిలబడి చూశాకే కొట్టు దాటేది. "విరిగితే నా నడుమే విరగాలి," అనేవాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అన్నీ రాసుకుని, "ఇంట్లో ఇంకెవరికైనా కోపం ఎక్కువా?" అని అడిగింది. కొడుకు నేల చూశాడు. కోడలు పిల్ల జడ సవరించింది. తాత గోడ గడియారం చూశాడు.

మందు సీసా రాసిచ్చింది. పొద్దున ఓ మూత, సాయంత్రం ఓ మూత.

"ఇది ఫిట్సు మందు కదండీ! మా పిల్లకి ఫిట్సు లేవు," అన్నాడు కొడుకు.

"కొంతమంది పిల్లల్లో కోపాన్ని కూడా అదుపులో పెడుతుంది. అందరికీ కాదు. మత్తు రావచ్చు, చేతులు వణకొచ్చు. మూడు వారాలకి రక్తం తీసి మందు ఎంత చేరిందో చూద్దాం."

తాత చీటీ వైపు చూశాడు. పిల్ల నెత్తుటిలోకి పోతుందా ఇది?

కొడుకూ కోడలూ తెల్లారకుండా పనికి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. మందు పొయ్యడం తాత వంతైంది.

"తియ్యగా ఉంది తాతా, ఇంకో మూత పొయ్యి," అంది పిడుగు మొదటిరోజు.

"నోర్మూసుకుని పో."

రెండో వారానికి ఇల్లు మారిపోయింది. ఓ సాయంత్రం పిల్ల గ్లాసెడు పాలు ఒలకబోసి కొయ్యబారిపోయింది. ఎవరూ అరవలేదు. తనే గుడ్డ తెచ్చి తుడిచింది.

"ఏం మందే తల్లీ అది! మీ ఇంట్లోంచి అరుపులు వినపడక నాకు నిద్ర పట్టట్లేదు," అంది పక్కింటి కుట్టుపని ఆవిడ. కోడలు నవ్వింది. బడివాళ్ళు పేరు కొట్టెయ్యం అన్నారు. సుత్తి పెట్టెలోంచి బయటికొచ్చింది.

తాత భయమే తగ్గలేదు. మధ్యాహ్నం కూర్చున్నచోటే ఒరిగిపోయేవాడు. వయసు, అంది కోడలు. మేకు మీద పడాల్సిన దెబ్బ వేలి మీద పడేది. బెంగ, అన్నాడు కొడుకు.

రేపు రక్తం తీస్తారనగా ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఇంత గుణం కనిపించాక రెండేళ్ళయినా వాడమంటుంది డాక్టరమ్మ," అన్నాడు కొడుకు.

"వాడదాం. కొంప చల్లబడింది," అంది కోడలు.

తాత కంచం పక్కకి నెట్టాడు. "రక్తం తియ్యకపోతేనేం?"

"మందు ఉందో లేదో తెలియాలిగా నాన్నా."

"లేకపోతే?"

"లేకపోవడమేంటి! పోస్తోంది నువ్వేగా?"

పిడుగు వచ్చి తాత కట్టు కట్టిన వేలు పట్టుకుంది. "సూది నొప్పెడుతుందా తాతా?"

ఆయన ఆ వేలు మెల్లగా విడిపించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో నర్సు సూది తీసి పిల్ల చెయ్యి పట్టుకోబోతుంటే, తాత అడ్డంగా వచ్చి కుర్చీలో కూలబడి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, "దీనికి గుచ్చమ్మా, పిల్లకి పోసింది బెల్లం నీళ్ళే, సుత్తి విసిరిన చెయ్యీ ఇదే, మందంతా చేరిన నెత్తురూ దీంట్లోదే," అన్నాడు.