అలసందల బావ

"కడుపులో నొప్పిగా ఉంది," అన్నాడు జుమానా కులిబాలీ.

అన్నం పళ్ళెం చుట్టూ కూర్చున్న ఐదుగురూ విరగబడి నవ్వారు.

"నొప్పెట్టక ఏం చేస్తుంది బావా? కులిబాలీ కడుపంటే అలసందల గాదె కదా," అన్నాడు మాంబీ కెయితా.

ఆఫ్రికాలోని మాలీ దేశంవాళ్ళలో కెయితాలకూ కులిబాలీలకూ తాతలనాటి నుంచి ఎగతాళి వరస. ఎక్కడ ఎదురుపడినా, ఆఖరికి న్యూయార్క్‌లోని ఈ బ్రాంక్స్‌లో అయినా సరే, కులిబాలీని 'అలసందలు మెక్కేవాడా' అనాల్సిందే. వాడు నొచ్చుకోకూడదు.

జుమానా నొచ్చుకోలేదు. "నీ వాటా కూడా తినేశాను బావా, అందుకే," అని గోడకు జారగిలబడ్డాడు.

వాళ్ళంతా కలిసి ఉంటున్న ఆ గదిలోకి అతను వచ్చి నెలయింది. అతనెవరో, ఎలాంటివాడో కనుక్కునే తీరిక మాంబీకి లేదు. ప్రాణమంతా హార్లెంలో ఉండే తమ్ముడు బురామా మీదే. చక్కెర జబ్బుతో వాడి కాలు చీము పట్టింది. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు, బీమా లేదు. ఆసుపత్రిలో పేరు చెబితే పట్టుకుపోతారని భయం. చివరికి మంగలి సేదూ ఎవరిదో బీమా కార్డు తెచ్చి, ఆ పేరుతో బుధవారం వాణ్ణి చేర్పించాడు.

"ఎవరిది?" అనడిగాడు మాంబీ.

"అడక్కు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. వాడు బయటికొచ్చేదాకా అటు వెళ్ళకు, ఫోనూ చెయ్యకు."

అప్పట్నుంచీ మాంబీ ఒకచోట నిలవలేకపోతున్నాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి.

శుక్రవారం జుమానా పక్క మీంచి లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది.

"మా అందరిలో కాగితాలూ, బీమా ఉన్నది నీకొక్కడికే. ఆసుపత్రికి పోవేం?" మాంబీ విసుక్కున్నాడు.

"సోమవారం వెళ్తా."

"నొప్పి సోమవారం దాకా కాచుక్కూచుంటుందా?"

"కులిబాలీ కడుపు బావా, చెప్పినమాట వింటుంది."

"ఏడిశావులే. సూదంటే భయం నీకు, అలసందల మూటా."

శనివారం సేదూ కబురు తెచ్చాడు. "కాలు దక్కింది. సోమవారం పంపించేస్తారు."

మాంబీ పిల్లాడిలా ఏడ్చాడు. జుమానా కూడా "అల్‌హందులిల్లా" అని మెల్లగా కళ్ళు మూసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అంబులెన్సు వచ్చేసరికే జుమానా పోయాడు. అపెండిక్స్ పగిలి రెండు రోజులయి ఉంటుందన్నారు.

"బీమా పెట్టుకుని చచ్చాడు, మూర్ఖుడు," అన్నాడు మాంబీ అందరి ముందూ. అన్నాక సిగ్గేసి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం సేదూ కారులోంచి బురామా కుంటుకుంటూ దిగాడు. మాంబీ వాణ్ణి గట్టిగా పట్టుకున్నాడు.

"ముందు ఇది కోసెయ్యన్నా, దురద పెడుతోంది," అని బురామా చెయ్యి చాపాడు.

ఆసుపత్రివాళ్ళు ముంజేతికి వేసిన ప్లాస్టిక్ పట్టీ మీద రోగి పేరు అచ్చయి ఉంది: జుమానా కులిబాలీ.