గోడ కూలిన కథ

హాస్టల్ వార్షికోత్సవానికి ఇంకా గంట కూడా లేదు. సూదిమందు అనే పిల్ల మాత్రం వంటగదిలో గ్యాస్ సిలిండర్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఎంతకీ లేవదు.

ఆ పేరు హాస్టల్ పిల్లలు పెట్టింది. ఎవరి మోకాలు చీరుకుపోయినా దూదీ మందూ పట్టుకుని వెంటపడుతుంది మరి. నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. మొన్ననే పద్దెనిమిది నిండాయి. నా అన్నవాళ్ళు లేని పిల్లల్ని మాత్రమే హాస్టల్ నడిపే సంస్థ చేర్చుకుంటుంది. పద్దెనిమిది నిండితే నెలాఖరుకి పంపేస్తుంది. ఇక దారి ఒక్కటే. ఈ రోజు ముఖ్య అతిథిగా వచ్చే పెద్దాయనకి నర్సింగ్ స్కూలుంది. దిక్కులేని పిల్లల్లో ఒకరికి ఏటా అందులో సీటిస్తాడు. వేదిక మీద పిల్లలు మాట్లాడేది విని, అక్కడికక్కడే ప్రకటిస్తాడు.

మేనేజరు చేతిలో కొత్త వార్షిక నివేదిక ఉంది. అట్ట మీద సూదిమందు నవ్వుతోంది.

“ఏటా చెప్పేదేగా తల్లీ,” అన్నాడు చెమట తుడుచుకుంటూ. “వానకి గోడ కూలడం, మీ అమ్మ దాని కింద పడిపోవడం, నువ్వు మన గేటు దగ్గర ఏడుస్తూ కనపడటం. రెండు నిమిషాల పని.”

“ఏటా చెప్పాను కాబట్టే సార్. ఇంక చెప్పాలని లేదు.”

“మూడో పేజీ అంతా నీ కథే. అచ్చయిపోయింది కూడా.”

“నా మార్కుల గురించి చెబుతాను. చిన్నపిల్లలకి లెక్కలు నేర్పుతున్నాను కదా, అది చెబుతాను.”

“మార్కులు వింటే చప్పట్లు కొడతారమ్మా. సీట్లివ్వరు.”

ఆ పిల్ల మోకాళ్ళలో తల దూర్చేసింది. మేనేజరు పొయ్యి వైపు తిరిగాడు.

అక్కడ వంటావిడ టీ మరిగిస్తోంది. పదకొండేళ్ళుగా ఆ వంటగది ఆవిడదే. గరిటె ఎత్తితే చాలు, నూటపదహారు మంది పిల్లలూ నోళ్ళు మూసుకుని బారులు తీరతారు. అందరిలోకీ సూదిమందంటేనే ఆవిడకి పడదని హాస్టలంతా అనుకుంటుంది. ఆ పిల్లకి ఎప్పుడూ ఆఖరునే, అడుగున మిగిలిందే వడ్డిస్తుంది. “ఆగవే, నీకేమన్నా కొమ్ములున్నాయా?” అంటుంది. జ్వరమొస్తే గంజి కాచి ఇంకో పిల్ల చేత పంపుతుందే గాని, తను గుమ్మం తొక్కదు.

“నువ్వైనా చెప్పమ్మా. నీకు భయపడుతుంది,” అన్నాడు మేనేజరు. “దేవుడు పైనుంచి చూసి ఒక దారి చూపిస్తే, కాళ్ళు ముడుచుకు కూర్చుంటే ఎలా?”

“చూస్తూనే ఉంటాడు బాబూ,” అంది వంటావిడ. “ఆయనకదే పని.”

స్టవ్ తగ్గించి, వెళ్ళి ఆ పిల్ల ముందు నిలబడింది.

“లే.”

“లేవను.”

“నెలాఖరుకి ఎక్కడికి పోతావు? నడిరోడ్డు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి కట్లు కడతావా?”

“నా వల్ల కాదు. అమ్మ గురించి చెప్పిన ప్రతిసారీ అమ్మ ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది.”

“ఉంటే ఉండనీ. పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు బతుకు పాడుచేసుకుంటారా? చచ్చిందని చెప్పు. వెనక వరసకి కూడా వినపడేలా చెప్పు. ఏడుపొస్తే ఇంకా మంచిది.”

మేనేజరుకే ఆ మాట కటువుగా తోచింది. ఆ పిల్ల మెల్లగా లేచింది. వంటావిడ నీళ్ళ చెంబు ముందుకు తోసి, “మొహం కడుక్కుని పో,” అంది.

హాలు నిండిపోయింది. మేనేజరు ఏడాది నివేదిక చదివాడు. ముప్ఫై ఒక్కమందికి చేతిపని నేర్పారు. పద్నాలుగు మంది ఉద్యోగాల్లో కుదురుకున్నారు. పిల్లలు సగటున రెండు కిలోల బరువు పెరిగారని చదివినప్పుడు జనం నవ్వారు.

తర్వాత సూదిమందు మైకు పట్టుకుంది. వాన గురించి చెప్పింది. నానిపోయిన గోడ గురించి చెప్పింది. ఇటుకల సందులోంచి కనపడిన చెయ్యి దగ్గరికొచ్చేసరికి మైకు ముందే ఏడ్చేసింది. వెనక వరసలో కూడా ముక్కులు చీదారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సీటు ఆ పిల్లదేనన్నాడు.

“వీళ్ళకి తల్లి లేని లోటు మేము ఒక్కనాడూ తెలియనివ్వలేదు,” అన్నాడు మేనేజరు మైకులో.

అప్పటికి వంటావిడ టీ పళ్ళెంతో ముందు వరస దగ్గర ఉంది. “చక్కెర సరిపోయిందా బాబూ?” అని పెద్దాయనని అడిగింది. వార్షికోత్సవం రోజు ఏటా ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టదు. ఏదో మొక్కు కాబోలని ఎవరూ అడగలేదు.

సభ ముగిసింది. మేనేజరు కాగితాలతో వంటగదిలోకి పరుగున వచ్చాడు. వెనకే సూదిమందు.

“ఇక్కడొక సాక్షి సంతకం కావాలమ్మా. పెద్దాయన కారెక్కేలోపు ఇచ్చెయ్యాలి. పిల్లని మొదటినుంచీ ఎరిగినవాళ్ళు పెట్టాలట. నీకన్నా ఎవరున్నారు?”

“ఏం రాసుంది బాబూ?”

“‘ఈ అమ్మాయికి తల్లి గాని, తండ్రి గాని, రక్తసంబంధం ఉన్నవాళ్ళు గాని ఎవరూ లేరు. ఈమెని చూడటానికి ఎవరూ రారు. ఇది నేను ఎరుగుదును.’ అంతే.”

వంటావిడ తడిచేతులు తుడుచుకుంది. పెన్ను అందుకుని, కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే పేర్చింది. ఆయన సిరా ఆరేలా ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

సూదిమందు తలుపు గడియ పెట్టి వచ్చి, వంటావిడ టీ మరకల కొంగులో మొహం దాచుకుని, “ఇంక నిన్ను చంపక్కర్లేదు కదమ్మా,” అంది.