తెర పడిన చోటు

నాటికలో ఇంకా పేజీన్నర మిగిలుండగానే తెర పడిపోయింది.

వేదిక పక్కన నిలబడి చూస్తున్న రచయిత రామ్‌గోపాల్‌కి ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. ఒక్క అంగలో వెళ్ళి, తాడు పట్టుకున్న ముసలాయన చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ఎవడు లాగమన్నాడ్రా నిన్ను? హీరో డైలాగు ఇంకా ఉంది కదా."

ముసలాయన చెంప కూడా తడుముకోలేదు. తాడు మేకుకి చుట్టి, కండువా దులుపుకుని, మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు.

రామ్‌గోపాల్ కోపం ఊరికే రాలేదు. అనకాపల్లిలో వాళ్ళది బెల్లం టోకున అమ్మే పేరున్న కొలగారం. వ్యాపారం తమ్ముళ్ళకొదిలేసి, జుట్టు నెరిసేదాకా నాటికలు రాస్తూ పోటీల చుట్టూ తిరిగాడు. వచ్చినవన్నీ ప్రోత్సాహక బహుమతులే. "మీవోడు ఏటో రాత్తాడంట కదా" అని మార్కెట్‌లో తమ్ముళ్ళని ఏడిపించేవారు. ఈసారి సొంతూళ్ళో పోటీ. మొదటి బహుమతి రాకపోతే ఇక కలం ముట్టనని భార్య శ్యామలాదేవితో అనేసి మరీ వచ్చాడు.

ఇంకో కారణం కూడా ఉంది. అది శ్యామలాదేవికీ తెలీదు.

ఆ నాటిక అతనిది కాదు.

కాలేజీ రోజుల్లో దేవరాపల్లి దగ్గర ఓ పల్లెలో చూశాడు. ఒక్కసారే ఆడారు. అచ్చు కాలేదు. రాసినవాడు పోయాడని ఎవరో అన్నారు. ఇంకేం, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పాత్రల పేర్లు మార్చి పైన తన పేరు పెట్టేసుకున్నాడు. మొత్తంలో అతను సొంతంగా రాసింది ఆ ఆఖరి పేజీన్నరే. సరిగ్గా అదే జనం వినకుండా పోయింది.

మర్నాడు పొద్దున్న బహుమతుల సభ. ఆశ వదులుకుని వెనక కూర్చున్నాడు.

న్యాయనిర్ణేత దేవీప్రసాద్ మైకందుకున్నాడు. రామ్‌గోపాల్ నాటిక పేరెత్తి, పని పోయిన సంగతి ఇంట్లో దాచి, రోజూ కేరేజీ పట్టుకుని బయల్దేరే మిల్లు కూలీ కథ అన్నాడు.

"చివర్లో పెళ్ళాం, 'రేపు కూడా కేరేజీ కట్టమంటావా' అని అడుగుతుంది. ఆవిడకి అన్నీ తెలుసని అప్పుడు తెలుస్తుంది మనకి. అంతే, తెర. ఇంకొకరైతే అక్కడ హీరో చేత ఉపన్యాసం దంచించేవారు. అక్కడ ఆపినందుకే ఈయనకి మొదటి బహుమతి."

హాలంతా చప్పట్లు. శాలువా కప్పుతుంటే రామ్‌గోపాల్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తనని నిలబెట్టిన మనిషినే కొట్టాడు. సిగ్గేసింది.

వేదిక దిగగానే కార్యదర్శి సన్యాసిరావుని పట్టుకున్నాడు. నిన్న తెర లాగినాయన్ని పిలిపించమన్నాడు, ఈ శాలువా ఆయనకి కప్పి క్షమాపణ అడగాలన్నాడు.

"ఆయన మా మనిషి కాదు బాబూ. మొన్న ఎలమంచిలి పోటీల్లో మీ నాటిక సూసేడంట. ఆ ఒక్కదానికీ తెర నాను లాగుతానని వచ్చి బతిమాలేడు. పెద్దోడు కదాని సరే అన్నాం."

ఊరూ పేరూ ఎవరూ అడగలేదట. నిన్ననే వెళ్ళిపోయాడట.

"మరి అంత ముందే ఎందుకు లాగేశాడో అదైనా అడిగారా?"

సన్యాసిరావు కాసేపు నసిగాడు.

"అడిగేను బాబూ. 'ఈ నాటిక నాను రాసినప్పుడు అక్కడితోనే ఆపేను' అన్నాడు."