గంటా పది నిమిషాలు

గాలిలో ఆరువందల ఎనభై కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు.

ఆ రెండు అంకెలూ పొద్దుటినుంచీ డ్రైవరు నోట్లో నానుతున్నాయి. రోడ్డు మీదైతే ఎనిమిదివందల ఇరవై. అతని బస్సుకి పద్నాలుగు గంటలు పడుతుంది. పద్నాలుగు గంటలంటే మనిషి మనసు మార్చుకోడానికి బోలెడు టైము. గంటా పదిలో ఏం మారుతుంది? అక్కడి నవ్వు మొహం మీద ఆరకముందే ఇక్కడ దిగిపోతుంది.

నెలకోసారి శుక్రవారం తను విమానంలో వెళ్తుంది. ఆదివారం వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తది. ఒకసారి చెవులకు రింగులు. ఒకసారి ఎర్ర చెప్పులు. పోయినసారి జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చింది.

ఎవరు కొనిచ్చారని డ్రైవరు అడగడు. అడిగితే పేరు చెబుతుంది. ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు.

"అసలు పంపకుండా ఉండాల్సిందన్నా," అన్నాడు కండక్టరు, డిపోలో టికెట్ల మిషను అప్పగిస్తూ.

"ఒప్పుకుని సంతకం పెట్టి చచ్చాను."

"వాడు మంచోడేనటగా."

"అందుకేరా మరీ మండేది."

వాడు ఏ తాగుబోతో, పిసినారో అయుంటే డ్రైవరుకి కంటినిండా నిద్ర పట్టేది.

నిరుడు ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "మహారాణీ, అక్కడ బాగుంటుందా, ఇక్కడా?"

"అక్కడ బాల్కనీ ఉంది."

ఆ వారంలోనే మేస్త్రీని పిలిచి, వెనక గది గోడ పగలగొట్టించి బాల్కనీ కట్టించాడు. తను వచ్చి చూసింది. ఎదురుగా పక్కింటివాళ్ల బాత్రూం గొట్టాలు.

"ఇక్కణ్ణించి ఏమీ కనపడదే," అంది.

ఈసారి తేలిపోవాలి. వచ్చే నెలనుంచి ఎక్కడుండేదీ తనిష్టం. తిరిగొచ్చాక చెప్తానంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, విమానాశ్రయంలో ఇనప కడ్డీని ఆనుకుని నిలబడ్డాడు. విమానం బయల్దేరిందని బోర్డు మీద పడగానే వాచీ చూసుకున్నాడు. ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. సగం దూరం దాటింది. ఇప్పుడు తను వాడికంటే అతనికే దగ్గర. నెల మొత్తానికి డ్రైవరుకి ప్రాణం కుదుటపడేది ఆ ఒక్క నిమిషమే.

విమానం దిగింది. జనం వచ్చారు, పోయారు. చివరికి అద్దాల తలుపు వెనక ఎర్ర చెప్పులు కనిపించాయి. డ్రైవరు చెయ్యి ఊపాడు. తనూ ఊపింది.

ఆ ఎర్ర చెప్పుల తొమ్మిదేళ్ల పాప మెడలో వేలాడుతున్న కార్డు చూసి, పట్టుకున్న చెయ్యి వదలకుండానే, ఎయిర్‌హోస్టెస్ అడిగింది: "అక్కడ వాళ్లమ్మ పక్కనున్నాయన 'తండ్రి' అని రాసి, సంతకం పెట్టి ఎక్కించారు, మరి మీరు పాపకి ఏమవుతారండీ?"