మైనం లేని చెవులు

"చెవి ఇటు తిప్పు!"

కాపలావాడు రిక్కా చెవిలో వేలు పెట్టి మైనం ముద్ద బయటికి లాగాడు. రెండో చెవిలోదీ లాగాడు. ఆ వేలిని ఆమె శాలువాకే తుడుచుకున్నాడు.

"మీ అత్తగారిని చూసి నేర్చుకో. ముసలమ్మ చెవుల్లో ఏనాడూ మైనం దొరకలేదు," అంటూ పక్క బల్లవైపు నడిచాడు.

శనివారం ప్రార్థన ముగిసీ ముగియగానే యూదుల వాడలోంచి జనాన్ని చర్చికి తోలుకురావడం, వాళ్ళ మతాన్ని వాళ్ళ మొహం మీదే తిట్టిపోయడం ఆ రోజుల్లో రోమ్‌లో మామూలే. ఆ మాటలు వినబడకుండా జనం చెవుల్లో మైనం కుక్కుకుని వచ్చేవారు. అత్తగారు పెర్నా మాత్రం ఆ తిట్లకి ముందు వరసలో చెవులప్పగించి కూర్చునేది.

"నేనూ ఇలాంటి మురికి కొంపలోనే పుట్టాను!" పాదిరి దగ్గుతూ అరిచాడు. "ఏడేళ్ళప్పుడు బయటికి లాగి జ్ఞానస్నానం చేయించారు కాబట్టి బతికిపోయాను. మీ తల్లులు పాలతో పాటు విషం పోస్తారు!"

ఛీ, ఏం నోరది! రిక్కా పక్కకి తిరిగింది. అత్తగారి కళ్ళలో నీళ్ళు.

"ఎందుకత్తయ్యా ఆ ఏడుపు? అంత కమ్మగా ఉన్నాయా ఆ కూతలు?"

"ఉష్! విననియ్యవే."

రిక్కా గుండె గుభేలుమంది. ఎక్కడో అంకోనా ఊరి నుంచి వచ్చి ఈ ఇంటి ఒక్కగానొక్క కొడుకుని చేసుకుని రెండేళ్ళు కాలేదు. ఇప్పుడు ఈవిడ మతం మారితే? మారిన నాయనమ్మ 'నా మనవణ్ణి చర్చికి ఇస్తున్నాను' అని ఒక్క మాటంటే చాలు, జవాన్లు వచ్చి ఎనిమిది నెలల ఎలియాని ఉయ్యాల్లోంచి ఎత్తుకుపోతారు. పోయిన నెల ఎదురింట్లో అలాగే ఎత్తుకుపోయారు.

జనం బయటికొచ్చారు. పెర్నా కనబడలేదు. రిక్కా వెతుక్కుంటూ పక్క గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఏ వస్తువూ మోయకూడదని నియమం ఉన్న పవిత్రమైన శనివారం పూట చేతిరుమాలు కూడా మోయని మనిషి, శాలువా కింద దాచి తెచ్చిన ముంత కాపలావాడి చేతిలో పెడుతోంది.

"తేనె, నాయనా. గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకు తాగమని పాదిరిగారికి చెప్పు."

"ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావే ముసల్దానా? నువ్వూ జ్ఞానస్నానం చేసెయ్యరాదూ!" నవ్వుతూ వాడు ముంతతో లోపలికి పోయాడు.

రిక్కా ఆవిడ రెక్క పట్టుకుని పక్కకి లాగింది.

"సిగ్గులేదూ మీకు? మన కొంపల మీద ఉమ్మేసిన నోటికి తేనె పోస్తారా? రేపు నా బిడ్డనీ వాడి చేతుల్లో పెడతారా? మిమ్మల్ని చూస్తుంటేనే అసహ్యం వేస్తోంది. థూ!"

"ప్రాణం పోయినా నేను మతం మారను. ఎలియా మీద ఒట్టు."

"మరి ప్రతి వారం నోరు తెరుచుకుని వాణ్ణి వినడమేమిటి? ఆ తేనె ఏమిటి?"

పెర్నా కళ్ళు తుడుచుకుని, మూసిన ఆ గుమ్మం వైపు చూసింది.

"మీ మామగారితో అనకు. మా పెద్దాడికి పసితనం నుంచీ అంతేనమ్మా, కాస్త చలిగాలి తగిలితే చాలు, గొంతు పట్టేస్తుంది."