మూడో సిలిండరు దగ్గు

"మళ్లీ దగ్గిందిరా," అన్నాడు పెద్దాయన మంచం మీద నుంచి.

దగ్గింది మనిషి కాదు, కారు. గోడకు అవతల షెడ్డులో కొడుకు స్టార్ట్ చేసిన కారు. మూడో సిలిండరు సరిగ్గా మండక మిస్సవుతోందని పెద్దాయన ఫిర్యాదు. స్టార్ట్ కాగానే ఒక్క దగ్గు, ఆ వెనకే పక్కింటి కుక్క రెండుసార్లు మొరగడం, తర్వాత ఇంజన్ సర్దుకోవడం. కొన్నాళ్లుగా రోజూ ఇదే వరస.

ఆయన జీవితమంతా గ్యారేజీ నడిపిన మనిషి. బానెట్ ఎత్తకుండానే బండి రోగం చెప్పేవాడు కాబట్టి అందరూ చెవి మేస్త్రి అనేవారు. బాత్రూములో జారిపడి తుంటి విరిగాక మళ్లీ లేవలేదు. కాళ్లు పోతే పోయాయి, చెవులు మిగిలాయి కదా అని మంచాన్ని షెడ్డు గోడకు ఆనించి వేయించుకున్నాడు.

ఆ కారు ఇంజన్ని రెండుసార్లు తన చేత్తోనే విప్పి బిగించాడు. మీటరులో అంకెలన్నీ అయిపోయి మళ్లీ సున్నా దగ్గర మొదలయ్యాయి. కొడుకు కంటికి మాత్రం అది తుక్కు. దీన్ని వదిలించుకుని కొత్తది కొందామని మొదట మెల్లగా, తర్వాత గట్టిగా చెప్పి చూశాడు. ఆఫీసు ముందు ఆ కారు దిగాలంటే తల కొట్టేసినట్టు ఉంటోందన్నాడు. కోడలు వంత పాడింది.

పెద్దాయన ఓ పందెం కట్టాడు.

"రోజూ పొద్దున్నే స్టార్ట్ చెయ్యి. నేను విని దానికేమైందో చెబుతా. నా చెవి తప్పిన రోజున అమ్మి పారెయ్. అంతదాకా దాని జోలికి రాకు."

మొదట్లో ఆయనే గెలిచాడు. బెల్టు వదులైందన్నాడు, వదులే. వాటర్ పంపు బేరింగ్ ఏడుస్తోందన్నాడు, విప్పితే ముక్కలై చేతిలోకి వచ్చింది. కొడుకు మొహం మాడ్చుకు తిరిగాడు. చివరికి ఎండలు ముదిరే రోజుల్లో, "సరే నాన్నా, నీతో పడలేను. నీ ఇష్టం వచ్చినన్నాళ్లు ఉంచుకో," అనేశాడు. ఆ రాత్రి పెద్దాయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. పొగ మామయ్యగారికి పడదంటూ కోడలు షెడ్డు వైపు కిటికీ మూయించేసరికి, దీనికి ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాడు కూడా.

ఆ తర్వాతే ఈ దగ్గు మొదలైంది.

ప్లగ్గులు మార్చమని తలగడ కింద నుంచి డబ్బు తీసిచ్చాడు. కొడుకు తీసుకుని, మార్చానన్నాడు. మర్నాడు దగ్గింది. వైర్లు మార్చమన్నాడు. మార్చానన్నాడు. దగ్గింది. వాల్వులు చూడమన్నాడు. చూపించాను, బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. మళ్లీ అదే దగ్గు, ఇసుమంత తేడా లేకుండా.

"నాకేమీ వినపడట్లేదు నాన్నా," అన్నాడు కొడుకు. ఆ ఒక్క మాటా నిజమే. అతని చెవికి కారు ఇంజనూ మిక్సీ ఒకటే.

"నీకు వినపడకపోతే పోనీ. పక్కింటి కుక్కకి వినపడుతోంది. ఇది దగ్గడం, అది మొరగడం. నీకన్నా అదే నయం కదరా."

కొడుకు నవ్వేసి వెళ్లిపోయాడు.

ఇక లాభం లేదని పెద్దాయన తన శిష్యుణ్ణి పిలిపించమన్నాడు. స్పానరు పట్టుకోవడం దగ్గర నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు సొంత గ్యారేజీ పెట్టుకున్నవాడు. అతను వచ్చి, షెడ్డులో కొడుకుతో చాలాసేపు మాట్లాడి, ఆనక మంచం పక్కన కూర్చున్నాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వాడికేం తెలుసు, నువ్వు చెప్పు. మూడోది మిస్సవుతోందా, లేదా?"

శిష్యుడు మూసిన కిటికీ వైపు చూశాడు.

"లేదు గురువుగారూ. ఆ బండిలో ఏ దగ్గూ లేదు. ఒట్టు. నా చేత్తో నేనే చూశాను."

పెద్దాయన చెయ్యి వదిలేశాడు. ఇంజన్ విషయంలో శిష్యుడు తనకు అబద్ధం చెప్పడు. అంటే చెడిపోయింది ఇంజన్ కాదు.

ఆ రోజు నుంచి ఆయన ఏ చప్పుడునీ నమ్మలేదు. తలుపు కొడితే, నిజంగా ఎవరైనా కొట్టారా అని కోడల్ని అడిగేవాడు. కుళాయి కారుతోందా, నాకే అలా అనిపిస్తోందా అని అడిగేవాడు. ఆమె విసుక్కునేది. తిండి సగమైంది. పొద్దున్నే షెడ్డులోంచి వచ్చిన కొడుకు "ఎలా ఉంది నాన్నా?" అంటే, అటు తిరిగి పడుకునేవాడు. పాపం, ఆ మనిషికి ఆ చెవులు తప్ప ఇంకేం ఉన్నాయి?

ఓ పొద్దున తనే పిలిచాడు.

"పందెం నువ్వే గెలిచావురా. నా చెవి పోయింది. దాన్ని అమ్మేసి కొత్తది తెచ్చుకో. అది పోయే ముందు ఒక్కసారి స్టార్ట్ చెయ్యి, వింటా."

కొడుకు షెడ్డులోకి వెళ్లాడు. గోడ అవతల ఇంజన్ అందుకుంది. పెద్దాయన కష్టపడి పక్కకు ఒరిగి, చెవిని గోడకు ఆనించాడు. దగ్గింది. కుక్క రెండుసార్లు మొరిగింది. ఇంజన్ సర్దుకుంది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి.

"అవున్రా," అన్నాడు, గోడ అవతలికి వినపడేలా గొంతు పెంచి. "దగ్గు లేదు. నువ్వు చెప్పిందే నిజం."

ఖాళీ షెడ్డులో కొడుకు స్పీకరు ఆపేసి, ఎండాకాలంలోనే శిష్యుడికి అమ్మేసిన కారు దగ్గునీ, ఆ వెనకే మొరిగిన కుక్కనీ కలిపి ఫోన్లోంచి ఒక్క వేలితో చెరిపేశాడు.